పేరు రికార్డులో ఉంది.. మరి వెతికితే ఎందుకు దొరకదు?

నిడదవోలు దగ్గర మా మావయ్యకు ఎకరం చిల్లర పొలం ఉంది. ఆ మధ్య ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "ఒరేయ్, కంప్యూటర్లో మన పొలం లేదంటన్నార్రా" అన్నాడు. గొంతులో కంగారు తెలుస్తోంది. పక్కింటి కుర్రాడి ఫోన్‌లో ఏదో సర్కారీ పోర్టల్ తెరిచి, పేరు కొట్టి చూశారట. వివరాలు లేవని వచ్చింది. పాసుపుస్తకం బీరువాలో భద్రంగా ఉంది, చేలో నాట్లు కూడా అయిపోయాయి. అయినా ఆ ఒక్క లైను చూశాక ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారాక నేను చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, వాళ్లు అలవాటు కొద్దీ జిల్లా దగ్గర పశ్చిమ గోదావరి ఎంచుకున్నారు. రెండు, రికార్డులో ఆయన పేరు 'సత్యన్నారాయణ' అని ఉంది. వీళ్లు కొట్టింది 'సత్యనారాయణ'. పొలం ఎక్కడికీ పోలేదు, ఖాతా చెక్కుచెదరలేదు. ఆ సైటుకు వెతకడం చేతకాలేదు, అంతే.

ఆన్‌లైన్ సేవల గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని రికార్డులు ఎక్కించారు, ఎన్ని సేవలు తెచ్చారు అన్న లెక్కలే వినిపిస్తాయి. ఎక్కించినవి దొరుకుతున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి చట్టం ఆ మాట ఎప్పుడో చెప్పింది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో 4వ సెక్షన్ మొదటి క్లాజే ఇది: ప్రతి ప్రభుత్వ సంస్థ తన రికార్డులను వర్గీకరించి, సమాచారం అందడానికి వీలయ్యే తీరులో సూచిక తయారుచేసి ఉంచాలి. ఆ 'సూచిక' అన్న మాటనే కంప్యూటర్ వాళ్లు ఇండెక్స్ అంటారు. సెర్చ్ పనిచేస్తుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

జిల్లా మారింది, మనం పాత చోటే వెతుకుతున్నాం

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది కాస్త ఎక్కువే తికమక పెట్టింది. నదికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు, నిడదవోలు, తాళ్లపూడి ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి. దశాబ్దాల పాటు తూర్పు గోదావరి కలెక్టరేట్ ఉన్న కాకినాడ ఆ జిల్లాలోనే లేదు. పశ్చిమ గోదావరి అంటే ఏలూరు అనుకున్న తరం ఇప్పుడు భీమవరం అనుకోవాలి. అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరే జిల్లా అయింది, అదే ఏడాది దాని పేరూ మారింది.

మీభూమి లాంటి పోర్టల్‌లో మొదట జిల్లా, తర్వాత మండలం, తర్వాత గ్రామం ఎంచుకోవాలి. ఆ తర్వాతే సర్వే నంబరు, ఖాతా నంబరు, ఆధార్, పట్టాదారు పేరు వంటి దారులు తెరుచుకుంటాయి. ఈ మెట్ల పద్ధతిలో మొదటి మెట్టు తప్పితే చివరిదాకా తప్పే. పైగా తప్పిందని ఎవరూ చెప్పరు. మండలాల జాబితాలో మన మండలం కనబడదు, లేదా అలాంటి పేరున్న వేరే ఊరు కనబడుతుంది.

దీనికి మందు చిన్నదే. 'నిడదవోలు' అని కొడితే చాలు, అది ఏ జిల్లాలో ఉందో సైటే చూసుకోవాలి. పాత జిల్లా పేరుతో వెతికినా కొత్త చోటుకు తీసుకెళ్లాలి. సెర్చ్ పరిభాషలో దీన్ని పర్యాయపదాల పట్టిక అంటారు. రాజమండ్రి, రాజమహేంద్రి, రాజమహేంద్రవరం ఒకటేనని ఒకసారి రాసిపెడితే ఏది కొట్టినా ఒకటే ఫలితం వస్తుంది. మన ఊళ్ల పేర్లు తెలిసిన రెవెన్యూ ఉద్యోగులు ఇద్దరు కూర్చుంటే జిల్లా మొత్తానికీ ఆ పట్టిక తయారవుతుంది.

సర్వే నంబరుదీ అదే కథ. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల చోట ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. చేతిలో ఉన్న దస్తావేజులో పాత నంబరు, ఆన్‌లైన్ రికార్డులో కొత్త నంబరు. రెండూ సూచికలో లేకపోతే, తాత కాలం నుంచి నోటికి వచ్చిన నంబరు కొట్టినా ఏమీ రాదు.

అక్షరం తేడా అంటే కంప్యూటర్‌కు ఎంత తేడా?

ఏ వెబ్‌సైట్ అయినా వెనకాల ఒక డేటాబేస్ ఉంటుంది. వరసలు, నిలువు గడులు ఉన్న పెద్ద పట్టిక అనుకోండి. మీరు పేరు కొట్టగానే సైటు ఆ పట్టికను ఒక ప్రశ్న అడుగుతుంది. ఎలా అడుగుతుందన్నదే అసలు సంగతి.

అన్నిటికంటే తేలిక పద్ధతి 'ఈ పేరుతో అచ్చం సరిపోయే వరస ఉందా' అని అడగడం. ఒక్క ఒత్తు తేడా ఉన్నా, చివర ఒక ఖాళీ ఎక్కువ పడినా లేదనే చెబుతుంది. దానికంటే కాస్త నయం, 'ఈ ముక్క పేరులో ఎక్కడైనా ఉందా' అని అడగడం. డేటాబేస్ భాషలో దీన్ని లైక్ అంటారు. ఇందులో చిక్కేమిటంటే, ముక్క ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదవాల్సిందే. కోట్ల వరసలున్న పట్టికలో వేలమంది ఒకేసారి ఇలా అడిగితే సైటు మూలుగుతుంది. ఇలాంటి భయంతోనే చాలా సైట్లు అచ్చం సరిపోవాల్సిందే అన్న పద్ధతికి అంటిపెట్టుకుంటాయి.

మూడో దారి ఫుల్ టెక్స్ట్ సెర్చ్. మంచి వ్యాకరణ పుస్తకం చివర పదసూచిక ఉంటుంది చూశారా, ఏ మాట ఏయే పేజీల్లో ఉందో అక్షర క్రమంలో? అదే ఇది. రికార్డు ఎక్కించేటప్పుడే అందులోని మాటలన్నీ విడదీసి, ఒక్కో మాట ఎదురుగా అది ఉన్న రికార్డుల నంబర్లు రాసి పెట్టుకుంటారు. మీరు వెతికినప్పుడు పుస్తకమంతా తిరగేయకుండా సూచిక చూసి నేరుగా ఆ పేజీకి వెళ్తారు. కష్టమంతా ముందే పడిపోవడం వల్ల వెతుకులాట క్షణంలో అయిపోతుంది. అయితే ఒక బాధ్యత తోడవుతుంది. మ్యుటేషన్ జరిగి పేరు మారినప్పుడల్లా సూచికా మారాలి. సూచికను వేరే సర్వర్‌లో పెట్టి, దాన్ని డేటాబేస్‌తో సరిగా జత చేయకపోతే, అమ్మేసిన పొలం పాత యజమాని పేరు మీదే కనబడుతూ ఉంటుంది. అందుకే చిన్న సైట్లయితే డేటాబేస్‌లో ఉన్న సెర్చ్‌నే వాడుకోవడం మేలు.

ఖర్చు మాటకొస్తే, సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఈ సదుపాయం 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి అందులో భాగంగానే ఉంది. మైఎస్‌క్యూఎల్‌లోనూ ఉంది. పెద్ద పనులకు వాడే లూసీన్ 1999లో పుట్టింది, అదీ ఉచితమే. దాని మీదే ఎలాస్టిక్‌సెర్చ్, సోలర్ నడుస్తాయి.

తెలుగుకు వచ్చేసరికి..

ఇక్కడే కథ చిక్కబడుతుంది. కంప్యూటర్‌కు 'త్య' ఒక అక్షరం కాదు. త, పొల్లు, య అనే మూడు సంకేతాలు. తాళ్లపూడి అని రాస్తే ళకు ల ఒత్తు, తాళ్ళపూడి అని రాస్తే ళకు ళ ఒత్తు. మనకు రెండూ ఒకటే, పత్రికల్లో రెండూ కనబడతాయి. డేటాబేస్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ఊళ్లు.

కంటికి కనబడని తేడాలు ఇంకా దారుణం. 'రామ్‌కుమార్' అని రాసినప్పుడు మ్ పక్కన క వచ్చి ఒత్తుగా అతుక్కోకుండా మధ్యలో ఒక అదృశ్య అక్షరం పెడతాం. తెరమీద దానికి రూపం ఉండదు, కానీ డేటాలో ఉంటుంది. రికార్డులో అది ఉండి, మీ ఫోన్ కీబోర్డు దాన్ని పెట్టకపోతే రెండు పేర్లూ కలవవు. ఐత్వం కూడా అంతే. 'వై'లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వమూ దాని కింద గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. తెరమీద తేడా తెలియదు. యూనికోడ్ ఇలాంటి జంటలన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే నియమాలు ఎప్పుడో ఇచ్చింది. రికార్డు దాచేటప్పుడొకసారి, వెతికే మాట వచ్చినప్పుడొకసారి వాటిని పాటిస్తే చాలు. నాలుగు లైన్ల ప్రోగ్రాం పని.

ఇక రాంబాబు, రామ్‌బాబు, రామ్ బాబు. సుబ్బరావు, సుబ్బారావు. వెంకట, వేంకట. ఇంటిపేరు ఒకచోట 'చింతా', ఇంకోచోట 'సిహెచ్'. ఆధార్‌లో ఇంగ్లిష్‌లో ఒక 'హెచ్' ఎక్కువ. వీటికి నియమాలు రాస్తూ పోతే అంతుండదు. అందుకే ముక్కల లెక్క వాడతారు. పేరును మూడేసి సంకేతాల ముక్కలుగా, ఒక్కో సంకేతం జరుగుతూ కోస్తారు. మా మావయ్య పేరే తీసుకోండి. 'సత్యనారాయణ'లో ఇలాంటి ముక్కలు 8 వస్తాయి. 'సత్యన్నారాయణ'లో 10. రెండింటిలోనూ ఉన్నవి 7. ఇంత దగ్గరగా ఉంటే 'మీరు వెతికింది ఇదేనా' అని చూపించొచ్చు. పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే ఒక అనుబంధం ఈ లెక్క చేసి పెడుతుంది.

దగ్గరి పోలిక చూపించడంలో ప్రమాదమూ ఉంది. పశ్చిమ గోదావరిలో పెనుగొండ ఉంది, రాయలసీమలో పెనుకొండ ఉంది. గన్నవరం అని కొడితే కృష్ణా జిల్లా గన్నవరం రావాలా, కోనసీమలోని పి.గన్నవరం రావాలా? పోలవరం అంటే ప్రాజెక్టు కడుతున్న పోలవరమా, ఐ.పోలవరమా? సైటు తనంతట తాను ఒకటి ఎంచుకోకూడదు. రెండూ చూపించి, పక్కన మండలం, జిల్లా రాసి, ఎంపిక మనకు వదలాలి.

అన్నవరం సత్యదేవుడి పుణ్యమా అని మన వైపు సత్యనారాయణలు లేని వీధి ఉండదు. కాబట్టి దొరకడం ఒక్కటే కాదు, ఏది ముందు చూపించాలన్నదీ ముఖ్యమే. మంచి సెర్చ్ ఇంజిన్లు అందరిలో ఉన్న మాటకు తక్కువ బరువు, అరుదైన మాటకు ఎక్కువ బరువు ఇస్తాయి. 'సత్యనారాయణ' అన్న మాట గోదావరి జిల్లాల్లో పెద్దగా ఏమీ చెప్పదు. ఇంటిపేరు చెబుతుంది. తూకం అటు మొగ్గాలి.

వాక్యాల్లో వెతకాల్సి వస్తే విభక్తులు అడ్డొస్తాయి. భూమి, భూములు, భూమిని, భూముల్లో అన్నీ ఒకే మాట అని యంత్రానికి చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ పని చేసే నిఘంటువులు తమిళానికి, హిందీకి, ఆఖరికి నేపాలీకి కూడా ఉన్నాయి. తెలుగుకు లేదు. లూసీన్‌లో మాత్రం తెలుగుకు ప్రత్యేక విశ్లేషణి ఉంది. రాష్ట్రం నుంచి ఇంతమంది ఇంజినీర్లు ప్రపంచమంతా ఉండగా ఈ ఖాళీ ఇంకా మిగలడం నాకు వింతగానే ఉంటుంది.

మన మాట ఒకటి, ఆఫీసు మాట ఒకటి

2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవను చాలామంది వాడే ఉంటారు. మొదటి రోజే 161 సేవలు అన్నారు. ఎంపికల జాబితాలో దిగుతూ వెళ్లి మనకు కావాల్సింది పట్టుకోవాలి. సేవలు పదో ఇరవయ్యో ఉన్నంతవరకు జాబితా బాగుంటుంది. వందలు దాటాక జాబితా చదవడమే ఒక పని.

అక్కడ ఇంకో సమస్య, జనం మాటకూ శాఖల మాటకూ పొంతన లేకపోవడం. 'నాన్న పోయాక పొలం మా పేరు మీదకి ఎక్కించాలి' అంటాడు రైతు. ఆఫీసు దాన్ని మ్యుటేషన్ అంటుంది. ఏదైనా సేవల పోర్టల్‌లో 'పేరెక్కించడం' అని కొడితే మ్యుటేషన్ రావాలి. ఏ మాటలకు ఏమీ దొరకలేదో సైటు రాసిపెట్టుకుని, వారానికోసారి ఒక మనిషి ఆ చిట్టా చదివితే ఈ పట్టిక దానంతట అదే పెరుగుతుంది. నా దృష్టిలో ఏ కృత్రిమ మేధ కన్నా ముందు చేయాల్సిన పని ఇదే.

బొమ్మలో ఉన్న అక్షరం

వెతకడానికి ముందు అసలు అక్షరాలంటూ ఉండాలి కదా. ఉత్తర్వును ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తే అది కంప్యూటర్‌కు ఫొటోతో సమానం. అందులో మాటలుండవు, చుక్కలుంటాయి. ఎంత గొప్ప సెర్చ్ పెట్టినా దొరికేది ఫైలు పేరే. పాత అను ఫాంట్లలో కొట్టిన తెలుగుదీ ఇంచుమించు ఇదే గతి. చూడ్డానికి తెలుగే కానీ లోపల ఉన్నవి యూనికోడ్ తెలుగు సంకేతాలు కావు. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చిగీతలు వచ్చేది అందుకే. ఇలాంటివాటిని ముందు మార్చాలి, లేదా బొమ్మలోంచి అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో చదివించాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను తన జీవోఐఆర్ సైటులో పెట్టడం ఆపేసింది. 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టింది. అప్పట్లో పెట్టాలా వద్దా అన్న దాని మీదే రచ్చ అంతా జరిగింది. పెట్టినవి లోపలి విషయంతో సహా వెతకడానికి వీలుగా ఉన్నాయా అన్న ప్రశ్న పక్కకు పోయింది. జీవో నంబరు, తేదీ ముందే తెలిసినవాడికి సెర్చ్‌తో పెద్ద పని లేదు. 'కోనసీమ కొబ్బరి రైతుల పరిహారం' అని వెతికేవాడికే అది కావాలి.

అందరి పేర్లూ అందరికీ దొరకాలా?

ఇంతవరకు చదివి, 'అయితే రాష్ట్రమంతటికీ ఒకే సెర్చ్ పెట్టె పెట్టేయొచ్చుగా, పేరు కొడితే పొలాలన్నీ వచ్చేస్తాయి' అనిపించొచ్చు. అక్కడే ఆగాలి. పేరు కొడితే ఒక మనిషికి ఎక్కడెక్కడ ఎంత భూమి ఉందో మొత్తం వచ్చేస్తే, అది అప్పులవాళ్లకు, మోసగాళ్లకు, ఇంట్లో తగాదా పడినవాళ్లకు కూడా వస్తుంది. ఒంటరిగా ఉంటున్న ముసలావిడ పేరు మీద రోడ్డు పక్కన అరెకరం ఉందని ఎవరెవరికి తెలియాలి?

ఓటరు జాబితాల విషయంలో ఈ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎన్నికల సంఘం జాబితాలను అక్షరాలుగా కాకుండా బొమ్మల పీడీఎఫ్‌లుగా ఇస్తోంది. వెతికే వీలున్న రూపంలో ఇవ్వాలని మధ్యప్రదేశ్ కాంగ్రెస్ నేత కమల్‌నాథ్ వేసిన పిటిషన్‌ను కోర్టు 2018 అక్టోబరులో తోసిపుచ్చింది. ఓటర్ల గోప్యత గురించి సంఘం వాదించింది. కావాలంటే పిటిషనరే ఆ పీడీఎఫ్‌లను వెతికే వీలున్న రూపంలోకి మార్చుకోవచ్చని కోర్టు అంది. అదీ నిజమే, కాకపోతే అలా మార్చుకునే స్తోమత పార్టీలకు ఉంటుంది, కంపెనీలకు ఉంటుంది. తన పేరు ఉందో పోయిందో చూసుకోవాలనుకునే కూలికి ఉండదు. బొమ్మగా మార్చడం వల్ల గోప్యత ఎంత దక్కిందో నాకు అనుమానమే.

మనుషుల పేర్లకు ఒక హద్దు, మిగతావాటికి ఇంకో హద్దు ఉండాలన్నది నా అభిప్రాయం. ఊళ్ల పేర్లు, సేవలు, జీవోలు, టెండర్లు, పథకాల నిబంధనలు రాష్ట్రమంతా ఒకే పెట్టెలో దొరకాలి. మనిషి పేరు మాత్రం ఒక గ్రామం పరిధిలోనే వెతకాలి, ఇప్పుడు మీభూమిలో ఉన్నట్టే. అలా చేస్తే సాంకేతికంగానూ బరువు తగ్గుతుంది. ఒక గ్రామంలో ఖాతాలు వందల్లోనో, వేలల్లోనో ఉంటాయి. అన్ని వరసలూ చదివి, ముక్కల లెక్క కట్టి, దగ్గరి పేర్లు చూపించినా కనురెప్ప పాటు కూడా పట్టదు. పెద్ద సెర్చ్ ఇంజిన్ అక్కర్లేదు, కొత్త సర్వర్ అక్కర్లేదు. కాబట్టి గ్రామం పరిధిలో కూడా ఒత్తు తేడాతో పేరు దొరకని సైటు ఏదైనా సరే, లోడు ఎక్కువ అన్న సాకు చెల్లదు.

ఈలోగా మీరేం చేయొచ్చు?

పేరుతో వెతికేటప్పుడు మొత్తం కొట్టకండి. 'నారాయణ' అని సగం కొడితే, ముక్కతో వెతకనిచ్చే సైటులో సత్యనారాయణా వస్తాడు, సత్యన్నారాయణా వస్తాడు. ఇంటిపేరు ఒక్కటే కొట్టి చూడండి. ఒత్తున్న చోట రెండు రకాలూ ప్రయత్నించండి. మాట చివర ఖాళీ పడిందేమో చెరిపి చూడండి, ఫోన్ కీబోర్డులు సూచించిన మాట తాకగానే ఖాళీ పెట్టేస్తాయి. జిల్లా దగ్గర కొత్త జిల్లానే ఎంచుకోండి, మండలం కనబడకపోతే పక్క జిల్లా చూడండి. పాసుపుస్తకంలోని ఖాతా నంబరు అన్నిటికంటే నమ్మకమైన దారి. అంకెకు ఒత్తులుండవు.

ఇన్ని చేసినా దొరకకపోతే కంగారు పడి ఏజెంటుకు డబ్బులు కట్టకండి. ముందు గ్రామ సచివాలయంలో ఖాతా నంబరు చూపించి 1బి, అడంగల్ నకలు అడగండి. అందులో పేరు తప్పుగా పడి ఉంటే సవరణకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఎంత మంచి సెర్చ్ వచ్చినా అది తప్పుగా రాసినదాన్ని వెతికి పెడుతుందే తప్ప సరిచేయదు.

మావయ్య పొలం చివరికి ఖాతా నంబరుతోనే దొరికింది. ఫొటో తీసి పంపిస్తే చూసుకుని, "మరి నా పేర్లో ఆ ఒత్తు ఎవడెట్టాడ్రా?" అని అడిగాడు. పేరు సవరణకు దరఖాస్తు ఇచ్చాడు, ఇంకా రాలేదు.